జూన్ 5న మొక్క నాటకండి: సిక్కోలు, విజయనగరం కాలేజీల్లో పర్యావరణ కార్యక్రమాలు పెట్టేవాళ్లకి

ప్రపంచ పర్యావరణ దినోత్సవం జూన్ 5. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సమావేశం మొదలైన రోజని ఆ తేదీ ఖాయం చేశారు, బాగానే ఉంది, కాకపోతే స్టాక్‌హోమ్‌లో రోహిణి కార్తె ఉండదు. మనకి ఆ వేళకి రోళ్లు పగిలే ఎండ ఇంకా దిగదు, డిగ్రీ కాలేజీలకి సెలవులు, ఉండేది ఆఫీసు స్టాఫూ, వాచ్‌మనూ, ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) సారు ఫోన్ చేశారని మొహమాటానికి వచ్చిన నలుగురు పిల్లలూ. ఒక కానుగ మొక్క, దాన్ని పట్టుకున్న చేతులు పదహారు, వెనకాల ఫ్లెక్సీ, ముందు కెమెరా. వారం తిరిగేసరికి మొక్క మాడిపోతుంది. మళ్లీ ఏడాది అదే గోతిలో ఇంకో కానుగ మొక్క. గొయ్యి తవ్వే ఖర్చు కలిసొస్తుంది.

నవ్వులాటకి అంటున్నా గానీ, పిల్లలకి చేయాలనే ఉంటుంది. పని చెడేది తేదీ దగ్గర. ఎక్కడి నుంచో వచ్చిన తేదీకి మనం పని వెతుక్కుంటాం. అలా కాకుండా మన దగ్గర వాన ఎప్పుడు నిలకడగా పడుతుంది, పక్షులు ఎప్పుడొస్తాయి, తాబేళ్లు ఎప్పుడు గుడ్లు పెడతాయి, సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడు, ఇవి నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని తర్వాత కార్యక్రమం పెట్టుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. పైనుంచి సర్క్యులర్ వచ్చింది, జూన్ 5న ఏదో ఒకటి చేయక తప్పదంటారా, ఆ రోజు గోతులు తవ్వించండి. ఎండకి గొయ్యి బాగా ఆరుతుంది, వానలకి సిద్ధంగా ఉంటుంది. మొక్క మాత్రం పెట్టొద్దు.

ఏ నెలకి ఏ పని

ఆరుద్ర కార్తె వెళ్లి నాలుగు వానలు పడి నేల లోపలిదాకా తడిసేసరికి జూలై రెండో వారం అవుతుంది. మొక్కలు అప్పుడు, ఆగస్టు దాకా. వినాయక చవితికి ముందు వారం మట్టి బొమ్మలు. ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా తాటి టెంకలు, దీని గురించి కింద తీరిగ్గా చెప్తాను. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం షామియానా వేసి ఆరుబయట పెద్ద కార్యక్రమం ఏదీ పెట్టుకోకండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న, ఆ రెండు నెలల్లో మన జిల్లాల్లో ఎవరూ ఆకాశాన్ని నమ్మరు. అప్పుడు గోడల మధ్య చేసుకునేవి పెట్టుకోండి, చెత్త తూకం, కరెంటు మీటరు లెక్క లాంటివి. డిసెంబరులో బీచ్ శుభ్రం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పక్షులు. మార్చిలో తాబేలు పిల్లలు. పరీక్షలయ్యాక పాత పుస్తకాల మార్పిడి, రికార్డుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి కుట్టించి రఫ్ నోట్సులు చేయడం. ఈ ఆఖరుది ఖర్చు లేని పని, పైగా బాగా నడుస్తుంది, ఎందుకంటే ఫ్రీగా నోటుబుక్ వస్తే వద్దనేవాడు లేడు.

ఇవన్నీ ఒకే ఏడాది చేయాలని ఎవరూ అనలేదు. మూడు చాలు.

ముందు ఎవర్ని కలవాలి

అందరూ ప్రిన్సిపాల్ గారి గదికి పరిగెడతారు. నన్నడిగితే ముందు కలవాల్సింది కాలేజీ ఊడ్చే అప్పని. ఏ క్లాసులో ఎంత చెత్త వస్తుందో, హాస్టల్ వెనక ఏం పారబోస్తారో, మున్సిపాలిటీ బండి ఏ రోజు వస్తుందో, రాని రోజు ఏం చేస్తారో అంతా ఆవిడకే తెలుసు. "ఈ పేకెట్లన్నీ ఎవులు పట్టుకెల్తారు బాబూ, కాల్చేయడమే" అంటుంది. ఆ ఒక్క మాటలో మీ ఏడాది ప్రణాళిక ఉంది. చెత్త బయట తగలబెట్టడం ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తప్పు, అయినా ఆవిడకి వేరే దారి మనం చూపించలేదు కాబట్టి ఆవిడని అనడానికి లేదు. తర్వాత క్యాంటీన్ అతను, తోటమాలి, హాస్టల్ వంటమాస్టరు. వీళ్లు సరేనన్నాక ప్రిన్సిపాల్ గారికి ఒకే ఒక్క పేజీ ఉత్తరం రాయండి: ఏ రోజు, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎంతమంది, ఎంత ఖర్చు, ఎవరు బాధ్యులు, అయ్యాక చెత్త ఎక్కడికి పోతుంది. ఈ ఆఖరి ప్రశ్నకి జవాబు రాసి ఇచ్చే విద్యార్థులు అరుదు, అందుకే సంతకం తొందరగా పడుతుంది.

ఎన్నెస్సెస్ యూనిట్ ఉంటే దాని కింద పెట్టండి. వాలంటీర్‌కి రెండేళ్లలో 240 గంటలు పూర్తి కావాలి, మీ పని ఆ గంటల్లోకి వస్తుంది, కాబట్టి మనుషులు దొరుకుతారు. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఎలాగూ ఏదో ఊళ్లో పెడతారు, రోడ్లు ఊడ్చి రావడం కంటే ఆ వారంలో చెరువు గట్టు పనో, కంపోస్టు గుంటల పనో పెట్టుకోవచ్చు. రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం నడుస్తోంది. మున్సిపాలిటీ సిబ్బంది, బళ్లు ఆ రోజు ఎలాగూ కదులుతాయి కాబట్టి మీ పని ఆ శనివారానికి కలిపితే చెత్త ఎత్తే బండి కోసం విడిగా బతిమాలుకోనక్కర్లేదు.

టైమ్ విషయం. మన కాలేజీల్లో సగం మంది బస్సు పాసుల మీద వచ్చేవాళ్లే. సిక్కోలులో చదివే పిల్లలు పాతపట్నం నుంచీ, నరసన్నపేట నుంచీ, పొందూరు నుంచీ వస్తారు, విజయనగరంలో అయితే గజపతినగరం, ఎస్.కోట వైపు వాళ్లు. మధ్యాహ్నం మూడు దాటాక ఏది పెట్టినా వాళ్లుండరు, ఉన్నా మనసు బస్టాండులో ఉంటుంది, ముఖ్యంగా ఆడపిల్లలకి ఇంటి దగ్గర్నుంచి ఫోన్లు మొదలవుతాయి. పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి పన్నెండున్నరకి ముగించండి. ముఖ్య అతిథి గారు ఆలస్యంగా వస్తే వచ్చినప్పుడే మాట్లాడతారు, పని ఆపి కూర్చోవద్దు.

మొదటి కార్యక్రమం చెత్త తూకమే పెట్టండి

ర్యాలీ, వ్యాసరచన, క్విజ్, ప్లకార్డుల మీద వృక్షో రక్షతి రక్షితః, ఇవన్నీ చేసుకోండి, నేను అడ్డుపడను, కానీ వాటి వల్ల మీ కాలేజీ గురించి మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. చెత్త తూచితే తెలుస్తుంది. దీనికి కావాల్సినవి పెద్దగా లేవు: రెండు బరకాలు, వేలాడదీసే తూకం మిషన్ ఒకటి (పాత ఇనుము కొనే అతన్ని అడిగితే ఒక పూటకి ఇస్తాడు), రబ్బరు గ్లౌజులు, మాస్కులు, ఖాళీ గోనె సంచులు, మార్కరు, ఒక నోటుబుక్.

మామూలు పని రోజు ఎంచుకోండి. ఫ్రెషర్స్ పార్టీ మర్నాడు తూస్తే లెక్క తప్పుతుంది. ముందురోజు సాయంత్రం డబ్బాలన్నీ ఖాళీ చేయించి, ఆ రోజు చెత్త నాలుగు చోట్ల నుంచి విడివిడిగా తెప్పించండి: క్లాసులు, క్యాంటీన్, హాస్టల్, ఆఫీసు. కలిపేశారా, ఇక ఎవరి చెత్త ఎంతో ఎప్పటికీ తేలదు. సంచి మీద పేరు రాయాలి. తూచేముందు ఖాళీ సంచి బరువు రాసుకోవాలి. బరకం మీద కుమ్మరించి, చుట్టూ ఐదారుగురు కూర్చుని వేరు చేయాలి. అన్నం, కూర, తొక్కలు, ఆకులు ఒకచోట. కాగితం, అట్ట ఇంకోచోట. నీళ్ల సీసాలు, గట్టి ప్లాస్టిక్ వేరే. చిప్స్ ప్యాకెట్లు, పల్చటి కవర్లు వేరే. టీ తాగిన పేపర్ కప్పులు మాత్రం కాగితంలో కలపకుండా విడిగా పెట్టండి, ఎందుకో చెప్తాను. బాత్రూముల దగ్గర డబ్బాల సంచి విప్పొద్దు, మూతి కట్టి ఉన్నదున్నట్టే తూచేయండి. లేబొరేటరీ చెత్తకి అసలు చెయ్యి పెట్టొద్దు, పగిలిన గాజు, యాసిడ్లు ఉంటాయి, అది ల్యాబ్ అసిస్టెంటు చూసుకోవాలి.

మొదటి పది నిమిషాలు ముక్కు మూసుకుని ఛీ ఛీ అంటారు. తర్వాత డిటెక్టివ్ పని మొదలవుతుంది, ఇది ఫలానా బ్రాంచి వాళ్ల రికార్డు, ఈ ఇడ్లీ ఎవడో ముట్టుకోకుండా పారేశాడు అని. ఆ మాటలు రానివ్వండి, సెమినార్ హాల్లో గంటసేపు చెప్పినా రాని మాటలవి.

ఇక ఆ పేపర్ కప్పు. కాగితమే కదా, మట్టిలో కలిసిపోతుంది అని అందరూ అనుకుంటారు. తూకం అయిన రోజు సాయంత్రం ఒక కప్పు తీసుకుని అతుకు దగ్గర చింపి, బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దునకి కాగితం మెత్తబడుతుంది, గోటితో గీకుతూ పోతే పిప్పిలా ఊడి వస్తుంది, లోపలి వైపు నుంచి పల్చటి పారదర్శకమైన పొర ఒకటి మిగులుతుంది. అది పాలిథిన్. వేడి టీ కారిపోకుండా ఆపేది అదే, కంపోస్టులో కలవనిదీ అదే, పాత కాగితాల వాడు కప్పులు వద్దనేదీ అందుకే. ఆ పొరని ఒక అట్ట మీద అతికించి క్యాంటీన్ కౌంటర్ పక్కన పెట్టండి. పోస్టర్ అక్కర్లేదు.

లెక్కలు కిలోల్లో, క్యాంటీన్ దగ్గర నల్లబల్ల మీద రాయాలి. తర్వాత క్యాంటీన్ అతనితో కూర్చోండి. నెలకి కప్పులకి ఎంత అవుతోంది, గాజు గ్లాసులు పెడితే కడగడానికి మనిషికి ఎంతివ్వాలి, అతని నోటితోనే లెక్క కట్టించండి. గ్లాసులు పగుల్తాయి, పట్టుకుపోతారు అంటాడు. నిజమే. స్టీలు గ్లాసు మీద కాలేజీ పేరు కొట్టించి పది రూపాయల టోకెన్ పెడితే ఆ బాధ చాలావరకు పోతుంది. నెల తర్వాత మళ్లీ తూచి, పాత అంకె పక్కనే కొత్త అంకె రాయండి. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి.

తడి చెత్తకి కంపోస్టు. నాలుగు వైపులా చిల్లులు పొడిచిన డ్రమ్ము చాలు. ఒక వంతు తడి చెత్తకి రెండు మూడు వంతులు ఎండాకు, పొరలు పొరలుగా, మధ్యలో పుల్లటి మజ్జిగో పేడనీళ్లో చల్లుతూ. గుప్పెడు తీసి పిండి చూడండి, చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు. కంపు కొడితే తడి ఎక్కువైంది, ఎండాకు వేసి కలియబెట్టండి. చేప ముళ్లు, మాంసం వేస్తే ఎలకలు, కుక్కలు చేరతాయి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది. వానాకాలం మూత తప్పనిసరి. తోటమాలి ఎండాకులు కాల్చకుండా డ్రమ్ము పక్కన పోయడం మొదలుపెట్టాడంటే మీ కార్యక్రమం నిలబడ్డట్టే.

మొక్కలు, టెంకలు

ఎన్ని మొక్కలు నాటాలి అన్నదానికి నా లెక్క ఒకటే. ఏప్రిల్ నెలలో మీ కాలేజీ బోరు నీళ్లు ఎన్ని మొక్కలకి సరిపోతాయో అన్నే. వెయ్యి మొక్కల కార్యక్రమం అని పేపర్లో వేయించుకోవడం సులువు. గొయ్యి ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. నర్సరీ కవరుని బ్లేడుతో నిలువునా కోసి తీసేయాలి, మట్టిముద్ద విరక్కూడదు. కవరుతో సహా పాతేసేవాళ్లు ఇంకా ఉన్నారు! ఆ కవర్లన్నీ లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి, మొక్కలెన్నో కవర్లు అన్ని రావాలి. మేకలు తిరిగే చోటయితే ముళ్లకంప కట్టకుండా మొక్క పెట్టడం దండగ. వేసవికి మొక్క పక్కన అడుగున చిన్న చిల్లు పెట్టిన కుండ ఒకటి పాతి, చిల్లులో గుడ్డపీలిక దూర్చి, రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు.

ఏం నాటాలంటే, త్వరగా పెరిగే వాటి మీద మోజు తగ్గించుకోండి. తురాయి పూస్తే అందమే, కానీ పెద్ద గాలి వస్తే దాని కొమ్మలు పుటుక్కున విరుగుతాయి, కింద బైకులుంటే ఇక చెప్పక్కర్లేదు. కోనోకార్పస్ పచ్చగా ఉంటుందని పెట్టొద్దు. వేప, కానుగ, నేరేడు, పొగడ, మారేడు, చింత పెట్టండి. చింత అంటే గుర్తొచ్చింది, విజయనగరం వాళ్లకి ప్రత్యేకంగా: పైడితల్లి అమ్మవారి పండగలో ఊరేగించే సిరిమాను చింతమానే కదా. అంత పొడవైన నిటారు చింత పెరగడానికి ఎన్ని తరాలు కావాలో ఆలోచించండి. ఏటా సిరిమానోత్సవం ముందు వారంలో ఊరి చుట్టుపక్కల కొన్ని చింత మొక్కలు నాటే కార్యక్రమం ఒక్క కాలేజీ పట్టుకున్నా చాలు, ఎవర్నీ ఒప్పించాల్సిన పని ఉండదు, అమ్మవారి పేరు చెప్తే నీళ్లు ఊరివాళ్లే పోస్తారు.

ఇప్పుడు తాటి టెంకలు. ఇంత చవకైన మొక్కల కార్యక్రమం ఇంకోటి లేదు. నర్సరీ లేదు, కవరు లేదు, ట్రీ గార్డు లేదు, నీళ్లు పోసే పని అంతకన్నా లేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో తాటిపళ్లు రాలతాయి, గుజ్జు తీసుకున్నాక టెంకలు పారేస్తారు, ప్రతి ఊరి పిల్లలూ ఒక సంచి చొప్పున తెస్తే కుప్పలవుతాయి. చెరువు గట్టు మీదో, పొలం హద్దు మీదో, పంచాయతీ వాళ్లతో రైతులతో మాట్లాడుకుని, గడ్డపారతో జానెడు లోతు గొయ్యి తీసి టెంక పెట్టి మట్టి కప్పడమే. టెంకకీ టెంకకీ మధ్య రెండు మూడు నిలువుల దూరం ఉంచండి. తాటికి ఒక తమాషా ఉంది. మొలక పైకి రాదు, ముందు కిందికి దిగుతుంది. మనం తినే తేగ అదే. నేల లోపల అంత దూరం దిగాక అప్పుడు ఆకు పైకి పంపిస్తుంది. అందుకే ఒకచోట మొలిపించి ఇంకోచోటికి మార్చడం కుదరదు, చెట్టు ఎక్కడ ఉండాలో టెంక అక్కడే వేయాలి. ఎక్కడ వేస్తే మంచిదో కల్లు గీసేవాళ్లని అడగండి, ఏ గట్టు మీద ఏ చెట్టు ఎప్పటిదో చెప్తారు, వాళ్లలో ఒకర్ని మీ కార్యక్రమానికి ముఖ్య అతిథిగా పిలిస్తే ఇంకా మంచిది. ఒక హెచ్చరిక: సంక్రాంతి దగ్గరికొచ్చేసరికి ఎవరో ఒకరు తేగల కోసం తవ్వుతారు. కొన్ని వాళ్ల వాటా అనుకుని ఎక్కువే వేసుకోండి.

పక్షుల దగ్గరికి, తాబేళ్ల దగ్గరికి

టెక్కలి దగ్గర తేలినీలాపురం, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. ఒక జిల్లాలో ఇలా పక్షులొచ్చి వాలే ఊళ్లు రెండున్నాయి, మనం పిల్లల్ని అరకు పిక్నిక్‌కి తీసుకెళ్తాం. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతాకాలం ముందర వచ్చి గూళ్లు కట్టి పిల్లల్ని చేసుకుని ఎండలు ముదిరేలోపు వెళ్తాయి. తేలుకుంచికి వచ్చే నత్తగుల్ల కొంగల వేళ వేరు, అవి వానలతో వస్తాయి, కాబట్టి అక్కడికి డిసెంబరులో వెళ్తే ఖాళీ చెట్లు చూసి రావాలి. ఇంకో మాట, వీటిని సైబీరియా పక్షులని అందరూ రాసేస్తారు. గూడబాతు గానీ ఎర్రకాళ్ల కొంగ గానీ మన దక్షిణాసియా పక్షులే, గుడ్లు పెట్టేదీ పిల్లల్ని పెంచేదీ ఇక్కడే. పుట్టిల్లు మన ఊళ్లోనే అయిన వాటికి విదేశీ అతిథులని పేరు పెట్టాం.

వెళ్లేటప్పుడు బస్సు ఊరి బయటే ఆపండి. మైకు వద్దు, డప్పులు వద్దు, డ్రోన్ అసలు వద్దు, గూటి మీద తల్లి లేస్తే పైన తిరిగే కాకులకి గుడ్లు దొరికినట్టే. ఇరవై మంది చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టుకి ఒక బైనాక్యులర్, ఒక నోటుబుక్ ఇవ్వండి. ఒక్క చెట్టు ఎంచుకుని అరగంట కదలకుండా నిలబడమనండి: గూళ్లెన్ని, కూర్చున్నవెన్ని, ఏ గూటికి మేత ఎన్నిసార్లు వచ్చింది. ఫోన్‌లో ఈబర్డ్ యాప్ ఉంటే లెక్క అందులో ఎక్కించండి, అప్పుడు అది పదిమందికీ పనికొస్తుంది. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినోత్సవం. అన్ని తేదీల్లోకీ మన జిల్లాకి సరిగ్గా అతికే తేదీ ఇదొక్కటే అనిపిస్తుంది.

సముద్రం దగ్గర వరస చూసుకోవాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో తాబేలు వందకి పైనే పెడుతుంది, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. కాబట్టి కళింగపట్నమో, బారువో, భావనపాడో, విజయనగరం వైపు చింతపల్లి తీరమో, ఎక్కడైనా సరే బీచ్ శుభ్రం చేసేది డిసెంబరులో, అవి రాకముందే. తాబేలు రాత్రిపూట ఇసుక మీదికి పాక్కుంటూ వస్తుంటే దారిలో తెగిన వలలు కాళ్లకి తగులుకుంటాయి, ముందు ఏరాల్సింది వాటినే, సగం ఇసుకలో కూరుకుపోయి ఉంటాయి, లాగితే రావు, కత్తితో కోసి తీయాలి. జేసీబీ పెట్టి ఇసుక తిరగేయడం శుభ్రం కాదు. ఏరిన చెత్త ఎక్కడికి? ఇది వెళ్లేముందే పంచాయతీతో తేల్చుకోవాలి, ఆ ఊళ్లో చెత్త నుంచి సంపద కేంద్రం నడుస్తోందా లేక షెడ్డుకి తాళమేసి ఉందా కనుక్కోండి. ఇవేమీ చూడకుండా వెళ్లిన జట్లు యాభై సంచులు నింపి, ఫొటో దిగి, సంచులు సరుగుడు తోటలో వదిలేసి వచ్చేస్తారు. నాలుగు రోజులకి కుక్కలు చింపేస్తాయి, చెత్త మళ్లీ ఇసుక మీదికే.

తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే కార్యక్రమం మీ అంతట మీరు పెట్టేది కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు అది. అటవీ శాఖ వాళ్ల హేచరీ దగ్గరికి వాళ్లు రమ్మన్న రోజు, రమ్మన్న వేళకి, తెల్లవారుజామునే వెళ్లాలి. ఫ్లాష్ వద్దు, సెల్ టార్చి వద్దు. పిల్ల వెలుతురు ఎటుంటే అటు పోతుంది, మామూలుగా ఆ వెలుతురు సముద్రం వైపు ఉంటుంది, మీ ఫోన్ వైపు ఉంటే ఫోన్ దగ్గరికే వస్తుంది. అరచేతిలో పెట్టుకుని సెల్ఫీ దిగి నీళ్లలో వేయొద్దు. ఇసుక మీద వదిలి, దాన్ని నడవనివ్వండి.

మీ కార్యక్రమం వదిలే చెత్త

ఈ విషయంలో నేను కొంచెం మొండి. ప్లాస్టిక్ మీద ఉపన్యాసం అయ్యాక బల్లల మీద ప్లాస్టిక్ సీసాలు, ప్లాస్టిక్ చుట్టిన బొకేలు మిగిలితే ఆ కార్యక్రమం పెట్టకపోవడమే నయం. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్, 100 మైక్రాన్ల కంటే పల్చటి పీవీసీ బ్యానర్లు నిషేధం. ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇంకోటి ఉంది, చాలామంది చూసుకోరు: లైసెన్సు లేని స్థలంలో వంద మందికి మించి జనాన్ని పోగేస్తే మూడు పని రోజుల ముందు మున్సిపాలిటీకో పంచాయతీకో చెప్పాలి, చెత్త వేరు చేసి వాళ్లకి అప్పగించాలి.

బ్యానర్ గుడ్డ మీద, ఏడాది తేదీ లేకుండా, చేత్తో రాయించండి. ఐదేళ్లు వస్తుంది. సత్కారం తప్పదంటే సిక్కోలు జిల్లాలో ఉండి మెరుపు శాలువాలు కొనడం ఏమిటి, పొందూరు ఖాదీ తువ్వాలో రుమాలో ఇవ్వండి, ఇంటికెళ్లాక వాడుకుంటారు. టిఫినుకి అడ్డాకు విస్తళ్లు, సీతంపేట ఏజెన్సీ వైపు నుంచి వస్తాయి, అయ్యాక నేరుగా కంపోస్టులోకి. తాగడానికి చోడంబలి (రాగి అంబలి) గానీ మజ్జిగ గానీ, స్టీలు గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకి తెచ్చుకోండి, కడిగే మనిషికి డబ్బులు బడ్జెట్‌లో ముందే రాయండి. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోమని పిలుపు కాగితంలోనే చెప్పేయాలి.

వినాయకుడి బొమ్మల వర్క్‌షాపు గురించి పెద్దగా చెప్పేది లేదు. మట్టి ఆన్‌లైన్‌లో కొనకుండా మీ దగ్గర్లో కుండలు చేసే వాళ్ల దగ్గర కొనండి, ఆయన్నే వచ్చి నేర్పమనండి, రోజు కూలి ఇవ్వండి. రంగులు వద్దు. చేసిన బొమ్మ ఇంటి దగ్గర బకెట్లో నిమజ్జనం చేసి ఆ మట్టి మొక్కకి పోసుకోవచ్చు, విజయనగరం పెద్దచెరువుకో అయ్యకోనేరుకో, సిక్కోలు నాగావళికో ఆ మేరకి బరువు తగ్గుతుంది.

కరెంటు లెక్క ఇంకా తేలిక. పొద్దున తొమ్మిదికి, సాయంత్రం ఐదుకి మీటరు చూసి రాసుకోవడమే, ఒక వారం. తర్వాత వారం ఖాళీ గదుల్లో ఫ్యాన్లు ఆపించి మళ్లీ రాయండి. పాత సీలింగ్ ఫ్యాను 70, 75 వాట్లు తీసుకుంటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు 28 నుంచి 35 వాట్లతో తిరుగుతాయి. ఎన్ని గదులు, రోజుకి ఎన్ని గంటలు అని గుణించి ఆ కాగితం ప్రిన్సిపాల్ గారికి ఇవ్వండి, మీకంటే ముందు అకౌంట్స్ సెక్షన్ వాళ్లు స్పందిస్తారు.

ఉద్దానం పిల్లలకి ఒక జాగ్రత్త. కవిటి, కంచిలి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు వైపు కాలేజీల్లో నీటి పరీక్ష కార్యక్రమం పెట్టాలని ఉత్సాహం సహజం, చేయండి కూడా. కానీ చేతిలో ఇమిడే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో మాత్రమే చెప్తుంది. ఉద్దానంలో చాలామందిని పట్టిన కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని పరిశోధకులే ఇంకా తేల్చలేదు, మనం ఒక బావి నీళ్లు చూసి అంకె పట్టుకుని ఊళ్లో చెప్తే ఆ ఇంటివాళ్లకి నిద్ర ఉండదు, ఆ ఊరి పిల్ల పెళ్లి సంబంధం కూడా ఆగిపోవచ్చు. బావి ఎవరిదో పేరు రాయకుండా సీరియల్ నంబరు వేయండి, శాంపిళ్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకి పంపండి, ఫలితం ముందు ఆ ఇంటివాళ్లకే చెప్పండి.

అన్నీ అయ్యాక ఒక పని మిగులుతుంది, దాన్ని చాలామంది చేయరు. మన డిగ్రీ పిల్లలు ఫైనలియర్ అవగానే హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లిపోతారు, వాళ్లతోపాటే క్లబ్ పోతుంది. పొడుగాటి రిజిస్టరు ఒకటి పెట్టండి. ఏ నెలలో ఏం చేశారు, ఎంత ఖర్చయింది, బరకం ఎవరి దగ్గర తెచ్చారు, పంచాయతీలో ఎవరితో మాట్లాడారు, ఏ గట్టు మీద ఎన్ని టెంకలు వేశారు, ఏది ఎందుకు కుదరలేదు. ఫిబ్రవరిలోనే సెకండియర్ వాళ్లని ఇద్దర్ని పట్టుకుని, రిజిస్టరు, తూకం మిషను, కంపోస్టు షెడ్డు తాళంచెవి వాళ్ల చేతిలో పెట్టేయండి. ఊడ్చే అప్పకీ, క్యాంటీన్ అతనికీ వాళ్లని స్వయంగా పరిచయం చేయండి. వేసవి సెలవుల్లో మొక్కలకి నీళ్లు పోసేది ఎవరు అనేది కూడా అదే రోజు రిజిస్టరులో రాసి సంతకం పెట్టించుకోండి.